వానలకు దిగిన మట్టికట్ట

1958లో చిక్కబళ్ళాపురం, చింతామణి మధ్య చిన్న రైలు దారి మీద మా ఊరికి కొత్త స్టేషను మంజూరైంది. మట్టి మోసే ఆడకూలీలకు నేను మేస్త్రీని. అప్పటికి నాకు అక్షరాలు రావు. ఇంజనీరుగారు పరిచిన ప్లాను నా కంటికి ముగ్గులా ఉండేది.

ప్లాట్‌ఫారానికి ముందు ఎంబ్యాంక్‌మెంట్, అంటే మట్టికట్ట, పోయాలి. ఆయన కొట్టించిన గూటాల వెంబడి నడిచి నోరు తెరిచాను.

"వచ్చేది చిన్న బండి. ఇంత పొడుగెందుకప్పా?"

"నీ మనవళ్ళూ ఎక్కల్ల గదమ్మా!"

ఇంకా పుట్టనివాళ్ళకు చోటు కొలిచిపెట్టే పని ఒకటుంటుందని అప్పుడే తెలిసింది.

ఎండాకాలం చివరికి కట్ట లేచింది. అంచున రాతిగోడ కట్టి, పైన బండలు పరిస్తే అయిపోతుందనుకున్నాం. ఇంజనీరుగారు ఆపమన్నారు. కొత్త మట్టి తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దాన్ని సెటిల్‌మెంట్ అంటారు. ఒక వానాకాలం నానితే గాని రాయి పెట్టకూడదట.

ఊరిపెద్ద రామిరెడ్డప్ప మండిపడ్డాడు. "ఈ తూరి చెనిక్కాయలు రైల్లోనే పోవల్ల. మట్టికి యాడన్నా సెలవూ రజా ఇస్తారా? నీ చేత కాకుంటే చెప్పు మేస్త్రమ్మా, బట్లహళ్ళి కూలోళ్ళను పిల్చకొస్తా."

పని పోతే నన్ను నమ్ముకున్న ఆడవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగదు. ఇంజనీరుగారినే అడిగేశాను.

"మట్టి కూర్చుంటాదని మేమూ కూర్చుంటే ఏం తినేదప్పా?"

"మీరెందుకు కూర్చుంటారమ్మా? వానల్లో మీ పని ఎప్పుడో రాసిపెట్టినాను."

కాలువలు తవ్వడం, కాంక్రీటుకు జల్లి, అంటే కంకర, కొట్టడం మాకే ఇచ్చారు. పైకి అర్జీ పెడతానని రామిరెడ్డప్ప బెదిరించినా ఆయన కదల్లేదు.

వానలు పట్టాయి. ఒక తెల్లవారి వెళ్ళి చూస్తే, పాత వంకను పూడ్చిన చోట కట్ట మూరెడు దిగి, అంచులు బీటలు వారి ఉంది. అంత బరువు ఎవరూ తోయకుండా, చప్పుడన్నా లేకుండా కదిలింది. జనం బండి కోసం నిలబడిన రోజున కదిలి ఉంటే? గంప కింద పెట్టి ఆ మట్టికి దండం పెట్టాను.

రామిరెడ్డప్ప గొడుగు ముడిచి ఆ పల్లంలోకి దిగి, గొడుగుమొనతో బీటను పొడిచి చూశాడు. "పోయండమ్మా, ఇంకా పోయండి" అన్నాడు మెల్లగా.

"చెనిక్కాయలో, రెడ్డప్పా?" అంది ఒక కూలామె.

"ఎద్దులబండి ఉండాదిలే, పోవే!"

మరుసటి ఏడు రైలు వచ్చి ఆగింది. తర్వాత ఎన్నో కట్టలు పోశాను. ఎంత పెద్దవాళ్ళు తొందరపెట్టినా "ఒక వాన చూద్దామప్పా" అని చెప్పే ధైర్యం నాకు ఆ స్టేషను దగ్గరే వచ్చింది.