రెండు పిడుల పెట్టె

మీరు ఊరికి బయల్దేరుతున్న సంగతి మీ ఇంటి బయట ఎవరికైనా తెలుసా? టిక్కెట్టు కొట్టే కండక్టరును లెక్కలోకి తీసుకోకండి.

డెబ్బైలలో నేను బెంగళూరు నగర్తపేటలో ఒక వఠారంలో ఉండేవాణ్ణి. ఒకే ముంగిలి చుట్టూ వరసగా గదులు, గదికో కాపురం. నాది మాత్రం ఉత్త గది. నా భార్య పోయాక అందులో మిగిలింది నేను, పుస్తకాలు, ఒక ఇనుప ట్రంకు పెట్టె. అప్పుడప్పుడు సెలవు పెట్టి హిందూపురం, మదనపల్లె వైపు మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలకు వెళ్ళేవాణ్ణి. ఆ పెట్టెతోనే.

దానికి రెండు పక్కలా పిడులు. అంటే ఇద్దరు మోయడానికి చేసిన వస్తువు. ఆమె ఉన్నప్పుడు చెరో పిడీ పట్టుకొని బస్టాండుకు నడిచేవాళ్ళం. తను పొట్టి కాబట్టి బరువంతా తన మీదికే వాలుతోందని దారంతా సణిగేది. తర్వాత నేనొక్కణ్ణే ఒక పిడి పట్టుకొని ఈడ్చేవాణ్ణి. బండల మీద ఆ చప్పుడుకి వఠారమంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది.

భుజం పట్టేసిన ఒకనాడు పెట్టెలో ఏముందో తీసి చూశాను. మరచెంబు, కంచం, దుప్పట్లు, పొడుల డబ్బాలు. మా అమ్మ సర్దినట్టే నా భార్య సర్దేది, ఆమె సర్దినట్టే నేనూ సర్దుతున్నాను. ఎవరింటి నీళ్ళూ తాగకూడదు, ఎవరి కంచంలోనూ తినకూడదు, ఎవరి చాప మీదా పడుకోకూడదు. మన సామాను బరువులో సగం కులం బరువు. బస్సు పైకి మనం ఎక్కించేది దాన్నే.

అన్నీ తీసేశాను. వీధి చివర కాన్వాసు సంచులు కుట్టే దుకాణంలో భుజానికి తగిలించుకునే సంచి ఒకటి కుట్టమన్నాను.

"ఏమేం పెడతారు సార్ ఇందులో?" అన్నాడు దుకాణదారు.

"రెండు చొక్కాలు, పంచె, తువ్వాలు, నాలుగు పుస్తకాలు."

"అంతేనా? సన్యాసం తీసుకుంటా ఉండారా?"

"సన్యాసులకు ఇంతకంటే ఎక్కువ సామాను ఉంటుంది," అన్నాను.

చొక్కాలు మడత పెట్టకుండా చుట్టి, పుస్తకాలు వీపు వైపు నిలబెడితే బరువే తెలిసేది కాదు. ఎవరింట్లో నీళ్ళిస్తే అక్కడ తాగాను, ఎవరు పెడితే వాళ్ళింట్లో తిన్నాను.

పక్క గదిలో ఆనేకల్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. పరస్థానం పెట్టమని నా వెంటపడేది. మంచి గడియలో మన సామాను పొరుగింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. తర్వాత మన వీలు చూసుకొని ఎప్పుడు బయల్దేరినా దోషం లేదని నమ్మకం.

"సంచికి ముహూర్తమేంటవ్వా? దానికేమైనా జాతకం ఉందా?" అనేవాణ్ణి.

"నీకు నోరుండాది, దానికి లేదు. అంతే తేడా," అనేది.

పంతానికి రాహుకాలంలోనే బయల్దేరేవాణ్ణి. లాభం కూడా ఉంది, బస్సులో కిటికీ పక్క సీటు దొరికేది.

ఒకసారి మదనపల్లెలో జ్వరం తగిలింది. సోమవారానికి రావలసినవాణ్ణి, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో రోజుల తరబడి పడుకున్నాను. చివరికి ఎలాగో వఠారం చేరేసరికి అవ్వ కొళాయి దగ్గర ఉంది.

"ఏందప్పా, మొహం అట్లా పీక్కపోయింది?"

"ఊరికెళ్ళి వస్తున్నానవ్వా. అక్కడ జ్వరం."

"ఊరికా? ఎప్పుడు పోతివి? పొద్దున్నే ఆఫీసుకు పోయి చీకటి పడినాక వస్తాండావనుకుంటిమే."

గది తాళం తీసి లోపల కూర్చున్నాను. నా కొత్త సంచి చప్పుడు చెయ్యదు. మోత లేకుండా వెళ్ళాను కాబట్టి వెళ్ళినట్టే ఎవరికీ తెలియలేదు. తిరిగి రాకపోయినా ఆ తాళం అలాగే వేలాడేది, అందరూ నేను ఆఫీసులోనే ఉన్నాననుకునేవాళ్ళు.

ముహూర్తం అబద్ధం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ పరస్థానంలోంచి ముహూర్తాన్ని తీసి పారేస్తే, మిగిలేది ఒక పొరుగు మనిషి.

తర్వాతి ప్రయాణం శనివారం. తొమ్మిది దాటాక సంచి తీసుకెళ్ళి అవ్వ గడప లోపల పెట్టాను.

"రాహుకాలంలో పెడతావా పరస్థానం? నీ బుద్ధికేమైందప్పా?"

"ఇది పరస్థానం కాదవ్వా. హిందూపురం పోతున్నా. సోమవారం వస్తా. అది చెప్పడానికే వచ్చాను."

"రాకపోతే?"

నా భార్య పోయాక ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"రాకపోతే ఎవరినైనా పంపి వెతికించండి," అన్నాను.

ఆమె సంచి ఎత్తి చూసి, "ఏముండాదని దీంట్లో?" అని నా చేతికిచ్చింది.

సోమవారం సాయంత్రం నేను వచ్చేసరికి గడపలో కూర్చొని బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే "వస్తివా" అంది. అంతే. నా గదిలోకి వెళ్తే అదే నిశ్శబ్దం, మూలన అదే పెట్టె, రెండు పిడులతో.

ఇక మీ సంగతి. మీ సామాను విప్పండి. భయంతో పెట్టుకున్నవన్నీ తీసి పక్కన పడేయండి. ఒంటిచేత్తో ఎత్తగలిగినంతే ఉంచుకోండి. పంచాంగం తెరవకండి. గుమ్మం దిగేముందు పక్కింటి తలుపు కొట్టి, ఎక్కడికి పోతున్నారో, ఎన్నడొస్తారో చెప్పండి. ఆ ఇంటివాళ్ళ పేరు కూడా తెలియదా? అయితే ప్రయాణందాకా ఆగకండి. ఇప్పుడే లేచి వెళ్ళి తలుపు కొట్టండి.