తలుపు అవతలి శోకం

మా ఇంటామె అన్నం మింగడం మానేసి ఇది రెండో వానాకాలం. మానేసింది అంటే ఆమెకు కోపం. "నేను మానలే, నా గొంతు మానింది" అంటుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, అది అక్కడే ఆగిపోతుంది. గంజి, పలచటి జావ మాత్రం దిగుతాయి. ఒకప్పుడు వెదురు మోపు నెత్తిన పెట్టుకుని వాగు దాటిన మనిషి ఇప్పుడు మంచం పట్టె పట్టుకుని లేస్తోంది.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాతిదంతా మణుగూరు బొగ్గు గనిలో పనిచేస్తూ, పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా చదివి నేర్చుకున్నది. అందుకే డాక్టర్లు ఒక్క ముక్కలో తేల్చి పంపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. మణుగూరులో చూపించాను, కొత్తగూడెంలో చూపించాను, ఖమ్మం పోయాను. గొంతులో గొట్టం వేసి చూశారు, ఫొటోలు తీశారు. అందరిదీ ఒకే మాట: "ఏం లేదు, అంతా నార్మల్." ఏం లేకపోతే ముద్ద ఎందుకు దిగదయ్యా అని ఒకాయనను గట్టిగానే అడిగాను. ఆయన బలానికి టానిక్ రాసి తర్వాతి వాళ్లను పిలిచాడు.

ఎప్పటినుంచి అని ఏ డాక్టరూ సరిగ్గా అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని. మా ఇంటామెది చర్ల అవతల అడవిలో కోయ గూడెం. నాది తిరుమలాయపాలెం వైపు. గని పనికి వచ్చి ఈమెను చేసుకున్నాను, ఈమె దగ్గరే వాళ్ల కోయ మాట నేర్చుకున్నాను. పోయినేడు వానాకాలంలో ఆమె తమ్ముడు చనిపోయాడు. కబురు అందేసరికి వాగులు పొంగి దారి తెగిపోయింది. వాన తగ్గి మేం గూడెం చేరేసరికి అంతా అయిపోయింది. తమ్ముడి పేరున రాయి కూడా నిలిపేశారు. రాయి నిలిపాక ఏడవకూడదని వాళ్ల గూడెంలో కట్టుబాటు. ఏడిస్తే పోయినవాడు వెనక్కి చూస్తాడట, పెద్దల్లో కలవలేడట. రాయి నిలపకముందే వచ్చిన ఆడవాళ్లందరూ ఒకరినొకరు పట్టుకుని శోకాలు పెట్టి ఏడ్చేశారు. ఈమె ఆ రాయి ముందు కాసేపు నిలబడి, తమ్ముడి భార్యకు బియ్యం సంచి ఇచ్చి, నా వెనకాలే వచ్చేసింది. ఆ రోజు మధ్యాహ్నమే మొదటిసారి ముద్ద ఆగింది.

మా వాడ ఆశా కార్యకర్త ఒకరోజు వచ్చి చెప్పింది: "తాతా, భద్రాచలంల పెద్ద డాక్టర్ల సంఘం మీటింగ్ ఉన్నదట. మనసుల బాధ ఒంట్లకు దిగితే వచ్చే రోగాలు చూసేటోళ్లట. మందులతోటి కాదు, మాటలతోటి నయం చేస్తరట. పొద్దుగాల పేషెంట్లను ఫ్రీగ చూస్తరు, పోయి రాండ్రి."

"మనసు రోగమంటే పిచ్చేనా?" అన్నది మా ఇంటామె. "ఈ ముసలోణ్ని చేసుకున్ననాడు ఉండె నాకు పిచ్చి. ఇప్పుడేం లేదు."

అయినా వచ్చింది. ఆకలి ఆమెకూ ఉంది కదా.

మీటింగ్ ఒక ఫంక్షన్ హాల్లో. గుమ్మానికి బంతిపూలు, మెడల్లో కార్డులు వేసుకున్న డాక్టర్లు, ఉప్మా వాసన. హాలు పక్క గదుల్లో పేషెంట్లను చూస్తున్నారు. మాకు దొరికిన డాక్టరమ్మ చిన్నపిల్ల. మా ఇంటామె రిపోర్టులన్నీ ఓపికగా చూసి పక్కన పెట్టేసింది. అది చూసి నాకు కొంచెం నమ్మకం కుదిరింది.

డాక్టరమ్మ తెలుగులో అడగడం, నేను కోయలో చెప్పడం, మా ఇంటామె చెప్పింది మళ్లీ తెలుగులో అప్పజెప్పడం. బజారు తెలుగు ఆమెకు బాగానే వచ్చు గాని, మనసులో మాట తెలుగులో రాదు. తమ్ముడి సంగతి అడిగితే మాత్రం నేను నోరు తెరిచేలోపే తెలుగులో "పోయిండు" అని ఊరుకుంది. డాక్టరమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది.

"తాతా, మీరు కొంచెం సేపు బయట కూసుంటరా?"

"నేను బయటికి పోతే మీకు ఎవరు చెప్తరమ్మా? మీకు ఆమె మాట రాదు గద."

"రాకున్నా పర్వాలేదు. ఆమె భాషలనే ఆమెను మాట్లాడమని చెప్పి పొండి."

చెప్పి, బయట కుర్చీలో కూర్చున్నాను. అర్థం కాని డాక్టరు ఏం వైద్యం చేస్తుంది అని లోపల గొణుక్కుంటూనే ఉన్నాను. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత మా ఇంటామె గొంతు మెల్లగా మొదలైంది. అది మాటల్లా పోయి పోయి, ఒక చోట రాగంలా సాగింది. శోకం ఎత్తింది. తమ్ముణ్ని చంకనేసుకుని తునికి పండ్లకు పోయిన సంగతి, జ్వరంలో వాడు తన కొంగు వదలని సంగతి. అప్పుడు అర్థమైంది నాకు. ఆ గదిలో ఆమె మాట తెలిసిన వాళ్లెవరూ లేరు. కట్టుబాటు తప్పిందని చూసేవాళ్లూ లేరు. ఆమెకు అడ్డం ఉన్నది నేను ఒక్కణ్నే. ఇంకా వినడం న్యాయం కాదని లేచి, వరండా చివరికి వెళ్లి నిలబడ్డాను.

అందుకే నేను తలుపు దగ్గర లేను. హాల్లోంచి మెడలో కార్డు వేసుకున్న ఒకాయన గబగబా వచ్చాడు. వెనక ఇద్దరు చక్రాల కుర్చీ తోసుకుంటూ వస్తున్నారు. "ఆగండయ్యా!" అని అరిచాను. నా మోకాళ్లు పరుగెత్తే మోకాళ్లు కావు. ఆయన తలుపు బార్లా తెరిచాడు. శోకం టక్కున ఆగిపోయింది.

"ఎందుకు తెరిచినవయ్యా తలుపు?" అన్నాను, రొప్పుతూ.

"ఎవరికో సీరియస్ అయిందనుకున్నం పెద్దాయనా. అంత గట్టిగ ఏడుస్తుంటె ఎట్ల? హాల్ల సార్ ప్రసంగం నడుస్తున్నది."

"దేని మీద ప్రసంగం?"

"అదే... ఏడ్వని దుఃఖం ఒంట్ల రోగమెట్లయితదో, దాని మీద."

డాక్టరమ్మ వాళ్లను కసిరి తలుపు మళ్లీ మూసింది గాని, లోపలినుంచి ఇంకేమీ రాలేదు. కాసేపటికి మా ఇంటామె కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చి "పోదాం పా" అన్నది. "ఇంకొంచెం సేపు దొరికితే బాగుండు తాతా" అన్నది డాక్టరమ్మ. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

బస్టాండులో మా ఇంటామె ఇడ్లీ తిన్నది. ముక్క మిగల్చకుండా తిన్నది. నేను చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని మొహం తిప్పుకుని బస్సుల బోర్డులు చదువుతూ కూర్చున్నాను. మర్నాడు ఇంట్లో అన్నం వండింది. ముద్ద మళ్లీ ఆగింది.

సంఘం వాళ్లకు ఫోన్ చేశాను. డాక్టరమ్మ హైదరాబాదులో ఉంటుందట, వారం వారం వస్తే చూస్తుందట. వచ్చే ఏడు మీటింగ్ ఇంకెక్కడోనట. ఇంత నీరసంలో ఈమెను హైదరాబాదు బస్సులో ఎట్లా కూర్చోబెట్టను? ఆ పిల్ల మంచిది, తానే వీడియోలో మాట్లాడింది. మా ఇంటామె ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది బిడ్డా, ఫోన్ల ఏడ్వాల్నా? చార్జింగ్ అయిపోతే సగంల ఆగుతది" అన్నది. ఆ పిల్ల నవ్వలేకపోయింది.

ఒకసారి నేనే అడిగాను: "ఇక్కడ మీవాళ్లెవరున్నరే? ఏడువు. నేనెవ్వరికీ చెప్పను."

"నువ్వు చెప్పవు. కానీ నీకు తెలుస్తది గద" అన్నది. మళ్లీ తనే, "నీకు మా మాట నేర్పకుండ ఉండాల్సింది" అన్నది.

అది కోపంతో అన్నది కాదు. కోపంతో అంటే తిరిగి అనేవాణ్ని.

అప్పటినుంచి పొద్దున జావ కాచి ఆమె పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోతున్నాను. చెరుకు రసం బండి దాటి, బొగ్గు లారీల మోతలో ఇంటినుంచి ఏ చప్పుడూ వినపడని చోటు ఒకటుంది, అక్కడ కల్వర్టు మీద కూర్చుంటాను. పేపరు ఉంటుంది గాని అక్షరం ఎక్కదు. ఇవాళ పేపరు మడిచి, ఇక చాలు అనిపించి లేచి వచ్చాను. తలుపు తోశాను. జావ మీద పొర కట్టింది. ఆమె గోడకు ఆనుకుని, పెట్టిన చోటే కూర్చుని ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఇంత జల్దీ వచ్చినవేంది?" అన్నది.

చెప్పులు విప్పినవాణ్ని మళ్లీ తొడుక్కున్నాను.