రిమార్కుల గడిలో ఉల్లంకి

నిన్న పొద్దున మణుగూరులో మా వాడ వెనకున్న గని నీళ్ల చెరువు గట్టున నడుస్తుంటే, పొడుగు కాళ్ల మీద నిలబడి బురదలోకి ముక్కు దించుతున్న ఉల్లంకి ఒకటి కనిపించింది. మోకాళ్లు సహకరించకపోయినా గంటసేపు కదలకుండా చూశాను. దారిన పోయేవాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. ఇలాంటి పిట్ట కోసమే ఒకప్పుడు ఉద్యోగాన్ని పణంగా పెట్టినవాణ్ణి, ఈ నవ్వులు నన్నేం చేస్తాయి?

అప్పుడు నేను కొత్తగా చేరిన పంపు ఖలాసీని, ఇంకా పర్మినెంటు కాలేదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని గుంత అడుగున ఊరే నీటిని పైకి తోడి ఈ చెరువులోకి వదలడం మా పని. గట్టు మీద ఒక రేకుల గది, అందులో ఒక లాగ్‌బుక్కు. గంటగంటకూ నీటిమట్టం, మోటారు వేడి రాసి, చివర రిమార్కుల గడి నింపాలి. నాకు పని నేర్పిన పెద్దాయన అడవి పల్లె నుంచి వచ్చిన కోయ మనిషి, కాకా అని పిలిచేవాణ్ణి. కొత్త సంగతి ఏది కనబడ్డా ఆ గడిలో రాయాలని, రాసింది కొట్టెయ్యకూడదని మొదటిరోజే చెప్పాడు. తనకు చదువు రాకపోయినా, నేను రాసిన ప్రతి అంకెనూ షిఫ్టు దిగేముందు చదివించుకుని వినేవాడు.

వానలు వెనకపట్టాక ఒక ఉదయం ఆ పిట్ట దిగింది. మామూలు ఉల్లంకి కంటే పెద్దది, బాగా అలిసిపోయి ఉంది, పైగా ఎడమ కాలికి పచ్చరంగు ప్లాస్టిక్ పట్టీ ఉంది. చిన్నప్పటినుంచి గోదావరి ఇసుక తిన్నెల మీద ఏటా ఇవి దిగుతాయని, నాలుగు రోజులు మేసి వెళ్లిపోతాయని, పట్టీ ఉన్నదాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదని కాక అన్నాడు. నేను చూసింది చూసినట్టు, పట్టీతో సహా, రిమార్కుల గడిలో రాసేశాను. ఎక్కడో మంచుదేశాల నుంచి వచ్చి, సత్తువ కూడదీసుకోవడానికి మన బురద దగ్గర ఆగుతాయని, వాటి దారి కనిపెట్టేందుకు శాస్త్రవేత్తలు కాళ్లకు అలాంటి పట్టీలు వేస్తారని తరవాతెప్పుడో తెలిసింది.

మూడోనాడు మా షిఫ్టు ఇన్‌చార్జి పుస్తకం తిరగేశాడు. అప్పటికి పిట్ట ఎగిరిపోయింది. పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వస్తే తన పరువేం కావాలని ఆయన బాధ.

"బొగ్గు బాయి కాడ పిట్టల ముచ్చటేంది? అబద్ధం రాసిన అని కింద రాసి సంతకం పెట్టు. లేదంటే ఛార్జిషీటే, ఇగ పర్మినెంటు సంగతి మర్చిపో."

భయం వేయలేదంటే అబద్ధమవుతుంది. ఇంట్లో కొత్తగా కాపురానికొచ్చిన భార్య, ఆ నౌకరి తప్ప మాకు వేరే ఆధారం లేదు. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ చూసిన కళ్లు నావే కదా అని ఒళ్లు మండింది, పెన్ను కింద పెట్టేశాను. ఇంతలో కాక గదిలోంచి మాయమయ్యాడు. పారిపోయాడనుకున్నాను. ఆయన నేరుగా హాజరు వేసే మస్టర్ ఆఫీసుకు వెళ్లి, వేలిముద్రలు వేయించుకునే సిరా పెట్టె పట్టుకొచ్చాడు.

"నేను గూడ సూసిన, సారూ. నాకూ ఛార్జిషీటియ్యి," అని నా రాత కింద బొటనవేలు నొక్కాడు.

ఇద్దరికీ ఛార్జిషీట్లు వచ్చాయి. నా పర్మినెంటు ఏడాది వెనక్కి పోయింది. కాకను గట్టు మీది నుంచి గుంత అడుగుకు మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు, ఒక్కరోజైనా నన్ను నిష్ఠూరమాడలేదు. ఆ పేజీని మాత్రం ఎవరూ కొట్టెయ్యలేకపోయారు.

నిన్న ఆ పిట్టను చూశాక, ఆగలేక పంపు గదికి వెళ్లాను. ఇప్పుడు మోటారు దానంతటదే ఆగుతుంది, అంకెలు కంప్యూటరుకు పోతాయి, రిమార్కుల గడే లేదు. ఈ చెరువును కూడా మట్టితో పూడుస్తారని అక్కడి ఉద్యోగి చెప్పాడు. వచ్చే ఏడు ఈ పిట్ట ఎక్కడ దిగుతుందో మరి.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. ఉదయం ఏడు గంటలకు చెరువు అంచున ఉల్లంకి ఒకటి దిగింది, నా కళ్లతో చూశాను అని రాసి సంతకం పెట్టాను. కొట్టెయ్యమంటే ఇప్పుడూ కొట్టెయ్యను. కింద ఒక బొటనవేలికి సరిపడా జాగా వదిలిపెట్టాను.