డీజిల్ బండికి పికప్ ఉండదట!

దూరం పరిగెత్తేవాళ్ళు మెల్లగా పరిగెత్తుతారని అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మంట ఇవాళ్టిది కాదు. టీవీలో పదివేల మీటర్ల పందెం వస్తుంటే, "ఏంటీ జాగింగు, మార్చండి బాబూ" అని రిమోట్ లాక్కున్నవాళ్ళు ఎవరో, ఏ గదిలోనో, ఆ రోజు ఏం కూర తిన్నామో కూడా నాకు గుర్తే. నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకా. మిగతా చదువంతా ఈ అరబ్బు దేశం వచ్చాక షువైఖ్ గరాజులో, స్పేరు పార్టులు చుట్టి వచ్చే పాత ఇంగ్లీషు పేపర్ల మీద. ఎందుకో గాని నా చేతికి వచ్చినవన్నీ ఆటల పేజీలే. ఇప్పటికీ ఒక పూట గరాజుకి వెళ్తాను, నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, దాని మీదే నడుస్తోంది కనుక. రెండో పూట అబూ హలీఫాలో మా ఫ్లాటు ముందున్న సముద్రపు ఒడ్డున, బెంచీ మీద కూర్చుంటాను. చేతిలో నీళ్ళ సీసా. అది మా కోడలిది.

మా కోడలు పెళ్ళికి ముందు ఐదువేల మీటర్లు పరిగెత్తేది. యూనివర్సిటీ పోటీల్లో దేశం మొత్తం మీద పతకం తెచ్చిన పిల్ల. ఇద్దరు పిల్లలు పుట్టాక బూట్లు అటక మీదికి వెళ్ళాయి. నిరుడు మళ్ళీ కిందికి దింపింది. ఒకరోజు నా పక్కన కూర్చుని నీళ్ళు తాగుతూ అంది: "దూరం వస్తోంది మావయ్య గారూ. చివర్లో లాగే లాగుడు ఉంటుంది చూడండి, అది పోయిందేమోనని భయం. ఒక్కదాన్నే పరిగెడితే తెలీదు. పక్కన ఎవరైనా గెలవాలని చూస్తుంటేనే తెలుస్తుంది."

అందుకే పిక్నిక్ రిలేలో ఆఖరి పరుగు తనకి కావాలంది. అబూ హలీఫా, ఎగైలా, జాబ్రియా తెలుగు కుటుంబాలు ఏటా చలికాలంలో ఒక శుక్రవారం కలుస్తాం. మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఆడవాళ్ళ రిలే. ఏరియాకో జట్టు, జట్టుకి నలుగురు, తలా ఒక చుట్టు. జాబ్రియాలో డాక్టర్లు ఎక్కువ, జిమ్ములూ ఎక్కువ. వాళ్ళు గెలవడం, మేం చప్పట్లు కొట్టడం అలవాటైపోయింది.

మా జట్టు కెప్టెన్ నాలుగో అంతస్తులో ఉండే ఇంజినీరు, హైదరాబాదు కుర్రవాడు. ఆఖరి పరుగు మా బిల్డింగులోనే ఉండే పళ్ళ డాక్టరమ్మకి ఇచ్చాడు. కాలేజీలో వంద మీటర్లు పరిగెత్తిందట. మా కోడలి పేరు అసలు నలుగురిలోనే లేదు.

"ఏమండీ ఇంజినీరు గారూ, మా అమ్మాయి కనపడలేదా మీకు?"

"గట్ల కాదు అంకుల్. ఆమెది లాంగ్ డిస్టెన్స్. డీజిల్ బండి అన్నట్టు. మైలేజ్ మస్తుగ ఇస్తది, పికప్ రాదు."

డీజిల్ ఇంజన్ల కింద పడుకుని జీవితం గడిపినవాడితో అనవలసిన మాటేనా అది?

"మారథాన్ మొనగాడు ప్రతి వంద మీటర్లూ పదిహేడు సెకన్లకు కాస్త అటూ ఇటూగా కొడతాడండీ. ఒక్కసారి కాదు, రెండు గంటల పైన, నాలుగు వందల ఇరవై సార్లు! మీరు ఒక్క వంద అలా కొట్టి చూపించండి. పదివేల మీటర్ల వాళ్ళు ఆఖరి చుట్టు, నాలుగు వందల మీటర్లు, నిమిషం లోపలే తిరిగేస్తారు, అదీ అంత దూరం వచ్చాక. ఊపిరి నిండుగా ఉన్నప్పుడు ఒక్క వంద పరిగెత్తమంటే పదకొండు, పన్నెండు సెకన్లు. మన బిల్డింగులో ఆ పరుగు పరిగెత్తే మగాడు ఉన్నాడా?"

"పదికి లోపల కొట్టేటోళ్ళు ఉన్నరు గద అంకుల్."

"ఉన్నారు. మీరు కాదుగా!"

ఇంజినీరుకి రోషం వచ్చింది. మా కోడలు రోజూ పరిగెత్తే పరుగులో పక్కన తనూ పరిగెడతానన్నాడు. ఆ సాయంత్రం ఒడ్డున ఇద్దరూ బయల్దేరారు. మొదటి లైటు స్తంభం దాకా ఆఫీసు కబుర్లు చెప్పాడు. మూడో స్తంభం దగ్గర కబుర్లు ఆగాయి. ఆ తర్వాత చేతులు ఈత కొడుతున్నట్టు ఆడాయి. పదో స్తంభం చేరకుండానే రైలింగు పట్టుకుని, ఏదో గొప్ప ఆలోచన వచ్చినట్టు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. మా కోడలు వెనక్కి వచ్చి, "కూర్చోకండి అన్నయ్యా, నడవండి" అంది.

అయినా ఒప్పుకోడే! "ఖలాస్ అంకుల్, దూరం ఒప్పుకున్న. స్ప్రింట్ సంగతి చెప్పుండ్రి."

మర్నాటికి డాక్టరమ్మకీ మా కోడలికీ వంద మీటర్ల పందెం పెట్టాడు. గెలిచినవాళ్ళకి ఆఖరి పరుగు. నేను సరేనన్నాను. మా అమ్మాయి గాలిలో ఎగిరిపోతుందని బిల్డింగు కాపలా చూసే హారిస్‌కి కూడా అరబీలో చెప్పుకున్నాను. ఇంటికి వచ్చి చెబితే కోడలు నెత్తి పట్టుకుంది.

"ఎవరు ఒప్పుకోమన్నారు మావయ్య గారూ? నిలబడిన చోటి నుంచి దూకడంలో నేనెప్పుడూ వెనకే. మొదటి సగం ఆవిడదే."

"నువ్వు ఎగరగలవమ్మా."

"ఎగరను. పరిగెడతాను."

మర్నాడు ఒడ్డున హారిస్ చెయ్యి పైకెత్తి "యల్లా!" అన్నాడు. డాక్టరమ్మ తుపాకీ గుండులా దూసుకుపోయింది. మా కోడలు రెండో స్తంభం దాటాక దగ్గరికి వచ్చింది, ఇంకా వచ్చింది, ఈలోగా గీత వచ్చేసింది. రెండడుగుల తేడాతో ఓడిపోయింది. హారిస్ చెయ్యి వంకరగా దించాడని నేను గొడవ పెట్టుకున్నాను. ఎవరూ వినలేదు.

మా కోడలు మాత్రం నవ్వుతూ, "ఇంకోసారి పరిగెడదామాండీ?" అంది డాక్టరమ్మతో.

"ఇప్పుడేనా? సరే, రండి అక్కా."

రెండోసారి ఇద్దరూ ఒకేసారి గీత దాటారు. మా కోడలు మళ్ళీ అడిగింది. మూడోసారి మా కోడలు ఎప్పటి వేగంతోనే వచ్చింది. డాక్టరమ్మ సగంలో చేతులెత్తేసి, గడ్డి మీద చతికిలబడి, పడీ పడీ నవ్వింది.

"అమ్మో, మనిషేనా ఈవిడ! కెప్టెన్ గారూ, వినండి. మన చుట్టు వంద మీటర్లు కాదు, మూడు వందలు. నన్ను ముందు పెట్టండి. ఆఖర్న అక్క ఉండాలి."

నేను ఇంజినీరు వైపు చూశాను. అతను ఫోనులో పేర్ల వరస మార్చేశాడు.

మా కోడలికి మాత్రం భయం తీరలేదు. "ఆవిడ అలిసిపోయాక గెలిచాను. అది లెక్కలోకి రాదు" అంది మెట్లెక్కుతూ.

పిక్నిక్ రోజు డాక్టరమ్మ మొదటి చుట్టు అందరికన్నా ముందు ముగించింది. తర్వాతి ఇద్దరూ ఆ లాభమంతా ఖర్చు పెట్టేశారు. మా కోడలి చేతికి కర్ర వచ్చేసరికి జాబ్రియా చాలా ముందు, ఎగైలా కాస్త ముందు. నేను చుట్టుకి కట్టిన తాడు పక్కన పరిగెడుతూ "ఇప్పుడే! లాగమ్మా ఇప్పుడే!" అని అరిచాను. లాగలేదు. సగం చుట్టు అయినా లాగలేదు. నా అరుపులకి ఎగైలా ఆవిడ లాగడం మొదలుపెట్టింది.

ఆఖరి మలుపులో మా కోడలి భుజాలు దిగాయి, మోకాళ్ళు లేచాయి. అంతకంటే నాకు చెప్పడం చేతకాదు. ఎగైలా ఆవిడ ఎప్పుడు వెనకబడిందో కూడా తెలియలేదు. జాబ్రియా ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, చూసి ప్రాణం పెట్టి పరిగెత్తింది. రిబ్బను దగ్గర ఇద్దరి మధ్య ఒక్క అడుగు. ఆ అడుగు జాబ్రియాది.

"నేను చెప్పినప్పుడే లాగి ఉంటే!" అన్నాను, రొప్పుతూ. రొప్పింది నేనే.

"అప్పుడే లాగి ఉంటే ఎగైలా ఆవిడని కూడా దాటలేకపోయేదాన్ని మావయ్య గారూ" అంది. మొహమంతా చెమట, చెమటంతా నవ్వు. "ఆ లాగుడు వచ్చింది. చూశారా? అడగ్గానే వచ్చింది."

ఇంజినీరు పరిగెత్తుకొచ్చి, ఇన్నేళ్ళలో అబూ హలీఫాకి రెండో స్థానం ఇదే మొదటిసారని నాకే చెప్పాడు. నాకు తెలియదా!

తిరిగి వస్తుంటే కారులో పిల్లలు నిద్రపోయారు. మా అబ్బాయి బండి నడుపుతున్నాడు.

"వచ్చే వారం నుంచి శుక్రవారం పొద్దున్న పిల్లల టిఫిను మీదే" అంది కోడలు వాడితో.

"అదేంటి? ఎందుకు?"

"ఐదువేల మీటర్ల పందానికి పేరిస్తున్నాను. వేగం పరుగులు మొదలుపెట్టాలి."

మా అబ్బాయి, నేను ఏదైనా అంటానేమోనని, అద్దంలోంచి నా వైపు చూశాడు.

"ముందు రోడ్డు చూడరా" అన్నాను.