కింది వరసలో పెద్దమ్మ గొంతు

మొన్న భోజనాల దగ్గర మా సెక్షన్‌లో ఒకాయన, హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కి ముందు పాత రేడియోల్లో బల్బులా వెలిగే వాల్వు ట్యూబు ఒకటి తగిలిస్తే పాటకి వెచ్చదనం వస్తుందంటున్నారు, నిజమేనా అని నన్నడిగారు. వస్తుందండీ అన్నాను. ఏ ట్యూబు మేలు, దానికి ఎంత కరెంటు కావాలి, వేడి పోవడానికి చుట్టూ ఎంత జాగా వదలాలి, అన్నీ వరసగా చెప్పాను కూడా. చెబుతుండగానే, ఇబ్రహీంపట్నంలో నేను ఉద్యోగంలో చేరిన కొత్త రోజులూ, వన్ టౌన్‌లో మేము అద్దెకున్న పోర్షనూ, అందులో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకు కూర్చున్న మా పెదనాన్నా గుర్తొచ్చారు.

పెద్దమ్మ పోయాక పామర్రులో ఒక్కరే ఉండలేక పెదనాన్న నా దగ్గరికి వచ్చేశారు. మా పోర్షన్ కింద కాగితాల గోడౌను. పొద్దుటి నుంచీ లారీల్లోంచి బేళ్లు దించే చప్పుడు, తోపుడుబళ్ల వాళ్ల కేకలు, ఆటోల హారన్లు. అందులో మామూలు స్పీకరు పెట్టుకుని ఏమన్నా వినడం అయ్యే పని కాదు గనక హెడ్‌ఫోన్లు అలవాటు చేశాను. ఆయన వినేది ఒక్కటే క్యాసెట్టు, క్రిస్మస్‌కి ముందు చర్చిలో క్వయర్ వాళ్లు పాటలు ప్రాక్టీసు చేస్తుంటే ఎవరో రికార్డు చేసినది. పెద్దమ్మ ఆ క్వయర్‌లో ఆల్టో, అంటే పాటను ముందుండి నడిపించే గొంతు కాదు. పై వరస వాళ్లు రాగం ఎత్తుకుంటే కింద నుంచి మెల్లగా పట్టి ఉంచే గొంతు.

పామర్రు ఇంట్లో పాతకాలపు వాల్వు రేడియో ఒకటి ఉండేది. పెదనాన్న టేప్‌రికార్డరు వైరును దాని వెనక గుచ్చి ఈ క్యాసెట్టు పెట్టేవారు. లోపలి బల్బులు వేడెక్కేదాకా పాట వచ్చేది కాదు, ఆ కాసేపూ ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఆ తరువాత వాళ్లిద్దరి మధ్యా ఒక ఆట నడిచేది. పాటలో పెద్దమ్మ గొంతు కలిసిన చోటల్లా ఆయన వేలెత్తాలి. ఆయన సరిగ్గానే ఎత్తేవారు, ఆవిడ మాత్రం ఒప్పుకునేది కాదు. "అది నేను కాదు, పాస్టరమ్మగారు. ఇన్నేళ్లు కాపరం చేసి గొంతు కూడా పోల్చుకోలేరు" అని ఏడిపించేది. ఊరు మారేటప్పుడు ఆ రేడియో ఎవరికో ఇచ్చేశారు.

నేను క్యాసెట్టును లాప్‌టాప్‌లోకి ఎక్కించి, సొంతంగా కట్టుకున్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లోంచి వినిపించాను. కొలతల ప్రకారం దానిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆయన చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తీసి, "శుభ్రంగానే ఉందిరా. మీ పెద్దమ్మే లేదు" అన్నారు. ఆ రేడియో బల్బుల్లో అయితే ఉండేదన్నారు.

ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని, లోపం సామానులోనే ఉంటుందని నా నమ్మకం. టేపు అరిగి ఉండవచ్చు, హెడ్‌ఫోన్లు పై స్వరాలవైపు మొగ్గుతూ ఉండవచ్చు, లేదా ట్రాన్సిస్టర్లలో ఆ మెత్తదనం లేకపోవచ్చు. మొదటి రెండూ సరిచేసి చూశాను, ఫలితం లేదు. మిగిలింది ట్యూబే. లాప్‌టాప్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఒక చిన్న ట్యూబును పెట్టి, వన్ టౌన్ కొట్లలో దొరికిన ట్రాన్స్‌ఫార్మరూ కండెన్సర్లతో రేకు డబ్బాలో బిగించాను. శబ్దపు అంచులను కాస్త గుండ్రంగా చేసి, ప్రతి స్వరానికీ పల్చటి నీడ జోడించడమే దాని పని. ముట్టుకోకండి, కాలుతుంది అన్నాను. "కాలకపోతే అది బల్బెందుకు అవుతుందిరా" అని ముందుకు జరిగి కూర్చున్నారు పెదనాన్న.

పాట మొదలైంది. ఆయన ముఖం విప్పారింది. "వచ్చిందిరా!" అని వేలెత్తారు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో చరణం పై వరస వాళ్లు మాత్రమే పాడేది, పెద్దమ్మ అందులో ఉండదు. అక్కడా వేలెత్తారు. తరువాత ఆ వేలు దించలేదు. పాట సగంలో కళ్లు తెరిచి, "అబ్బాయ్, అందరూ మీ పెద్దమ్మలాగే ఉన్నారేంట్రా?" అని అడిగారు.

ట్యూబులు మార్చాను, శబ్దంలో ట్యూబు వంతు తగ్గించాను, చివరికి తీసేశాను కూడా. ఏం చేసినా ఆవిడ గొంతు ఆయనకి విడిగా తెలియకపోయేసరికి, మొదటే చేయవలసిన పని అప్పుడు చేసి, చెవి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. పై స్వరాలు వినే శక్తి చాలావరకు పోయిందనీ, అది తిరిగి వచ్చేది కాదనీ డాక్టరు చెప్పారు. ఒక గొంతును ఇంకో గొంతు నుంచి వేరు చేసి చూపించేవి చాలావరకు ప్రతి గొంతులోనూ సన్నగా కలిసుండే ఆ పై స్వరాలే. పెదనాన్నకి మిగిలింది అన్ని గొంతుల్లోనూ ఒకేలా ఉండే భాగం. నా ట్యూబు దాన్నే ఇంకాస్త చిక్కన చేసింది.

"అయితే నువ్వు చెప్పరా ఆవిడ ఎక్కడుందో. నీ చెవులు బాగానే ఉన్నాయిగా" అని హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టారు. పెట్టుకున్నాను. ప్రతి గొంతూ విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తోంది. అన్నానికి పిలిచే పెద్దమ్మ గొంతు నాకు తెలుసు, చదువుకోమని కోప్పడే గొంతు తెలుసు. కింది వరసలో పాడే గొంతును నేనెప్పుడూ చెవిపెట్టి వినలేదు. పాట అయిపోయింది. "తెలియడం లేదు పెదనాన్నా" అన్నాను.

"పోన్లే. ఒక్కదానితోనే వేగలేకపోయాను, ఇంతమందితో ఎట్టా వేగమంటావురా" అని నవ్వి, హెడ్‌ఫోన్లు తీసుకుని మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. ఆ తరువాత ఉన్నన్నాళ్లూ రోజూ వినేవారు. చేతులు రెండూ ఒళ్లోనే ఉండేవి.

ఇప్పుడు కలిసిపోయిన గొంతులను విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మా రోజుల్లో గరగరల మధ్య చెవి రిక్కించి వెతుక్కున్నది ఇప్పుడు మీట నొక్కితే ముక్కలై చేతికొస్తుంది. ఆ క్యాసెట్టును కూడా విడదీయించి చూశాను. కొన్ని గొంతులు బాగానే వేరు పడ్డాయి. సెలవు రోజున ఒక్కొక్కటే వింటూ ఉంటాను. వాటిలో ఏదో ఒకటి మా పెద్దమ్మదే అయి ఉండాలి. ఇదీ అని వేలు చూపించగలిగిన మనిషి ఇప్పుడు లేరు.