ఖుర్షీదా మేడమ్ నాకప్పగించిన పిట్టల ప్రయాణం

ఆస్ట్రేలియాలో అడిలైడ్ ఊరు దాటి ఉత్తరంగా సముద్రం వైపు వెళ్తుంటే కారు కిటికీలోంచి బురద వాసన గుప్పుమంది. ఉప్పూ, కుళ్ళిన ఆకూ, ఎండకి ఉడికిన రొచ్చూ కలిసిన వాసన. వెనక సీట్లో మనవరాలు ముక్కు మూసుకుని "అమ్మమ్మా, అద్దం ఎత్తెయ్" అని ఒకటే గోల. నేను ఎత్తలేదు సరికదా, తల కాస్త బయటికి పెట్టాను. మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉందామని వచ్చాను. వచ్చే ఆదివారం పిట్టల్ని చూడ్డానికి ఎక్కడికి పోదామా అని చోటు వెతుక్కుంటూ బయల్దేరాం. రోడ్డు చివర మడ చెట్లు కనిపించాయి. ఈ వాసన నేను మొదటిసారి పీల్చింది గల్ఫ్‌లో ఫుజైరా పక్కనున్న కల్బాలో, ఎనభైల్లో. అది తగిలినప్పుడల్లా నాకు మా హెడ్‌మిస్ట్రెస్ ఖుర్షీదా బేగం మేడమ్ గుర్తొస్తుంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన ఫుజైరా కొండల్లో కంకర క్రషర్ దగ్గర ఫోర్‌మన్. ఆయన వెంట వెళ్ళేనాటికి నాకు జంతుశాస్త్రంలో డిగ్రీ ఉంది. అది పెట్టె అడుగున, పెళ్ళిచీరల కింద పడి ఉంది. మా వాళ్ళంతా నేను దుబాయ్ పోయానని గొప్పగా చెప్పుకునేవారు. నిజానికి నేను పోయింది ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి. ఈ చదువు ఇలాగే పోతుందేమో అన్న భయం రోజూ నన్ను తినేసేది. అందుకే అద్దె విల్లాలో నడిచే చిన్న ఇండియన్ బడికి సైన్సు టీచరు కావాలట అని మా ఆయన చెప్పగానే పరుగెత్తాను.

మేడమ్ నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట వైపు మనిషి. పొట్టిగా, గంజి పెట్టిన నూలు చీరలో, కొంగు తల మీదికి లాక్కుని ఉండేది. గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. నేను సర్టిఫికెట్ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అదెక్కడికి పోతాదిలే. పక్క గదిలో పిలకాయలు కొంప కూలస్తుండారు. పోయి కూర్చోబెట్టు, చూద్దాం." కిటికీ మీద కాకి ఉంటే దాని ముక్కు చూపించి పాఠం మొదలుపెట్టాను. మేడమ్ గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది. "ఏమ్మే సైన్సూ, రేపట్నించి వచ్చెయ్" అన్నది. ఆ పేరే స్థిరపడిపోయింది. బడి మేనేజరుని అందరం ముదీర్ అనేవాళ్ళం. ఆయన మాత్రం మూడు నెలలు చూసి, బాగుంటేనే ఖాయం చేస్తానన్నాడు.

బురదలో పురుగులేరుకునే ఉల్లంకి పిట్టలు చలికాలంలో ఎక్కడెక్కడినుంచో వచ్చి కల్బాలో దిగుతాయని ఒకరోజు పాఠంలో చెప్పాను. మేడమ్ పట్టుకుంది. "చెప్తే సరా? చూపించబళ్ళా?" ఆడపిల్లల్ని పంపమని తండ్రులు మొరాయించారు. మేడమ్ ఇంటింటికీ వెళ్ళి టీ తాగి, తల్లుల్నే బయల్దేరదీసింది. వాళ్ళలో కొందరు వచ్చిన నాటినుంచి తమ బిల్డింగు, కింద కిరాణా కొట్టు తప్ప ఇంకేమీ చూడనివాళ్ళు.

అక్కడ సెలవైన శుక్రవారం బస్సులో కల్బా బయల్దేరాం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. బయటికి పోతున్నామంటే మనవాళ్ళు ఊరుకుంటారా? హైదరాబాద్ వాళ్ళు పెద్ద గిన్నె నిండా బిర్యానీ, కాకినాడ వాళ్ళు పులిహోర, మా కరీంనగర్ వాళ్ళు సకినాలు. బస్సు దిగగానే బిర్యానీ చల్లారిపోతుందని ఒకరన్నారు. అంతే, జంపఖానాలు పరుచుకున్నాయి. వడ్డించుకుని, కొసరి కొసరి తిని, చేతులు కడుక్కుని లేచేసరికి పోటు వచ్చి బురదంతా నీళ్ళ కిందికి పోయింది. పిట్టలు ఎటు పోయాయో పోయాయి. మిగిలిన మెతుకుల కోసం కాకులు మాత్రం దిగాయి. మేడమ్ దూరంగా ఒక కొంగను చూసి "అదిగో హంస!" అని పిల్లలకి చూపించింది. నేను తల పట్టుకున్నాను.

మర్నాడు ముదీర్ ఇద్దర్నీ పిలిచాడు. "కాకుల్ని చూడ్డానికి బస్సు ఎందుకు మేడమ్? ఖలాస్, ఇక బంద్." మేడమ్ కదల్లేదు. ఇంకొక్కసారి అని పట్టుబట్టింది. సరే అంటూనే ఆయన నా వైపు చూశాడు. ఈసారీ ఇలాగే అయితే సైన్సుకి వేరే టీచరు అక్కర్లేదు, ఉన్నవాళ్ళే చెప్పేస్తారన్నాడు. మళ్ళీ ఆ వంటింటి గోడలే కళ్ళముందు కనిపించాయి.

బయటికి రాగానే మేడమ్ అన్నది, "ఈసారి ప్లాన్ నువ్వెయ్."

"నాతోని కాదు మేడమ్. నాకు పిట్టలు తెలుసు గని గివన్నీ రావు."

"పిట్టలు నాకు రావు, ప్లాన్ నీకు రాదు. ఇద్దర్లో ఒకరు నేర్చుకోవాల గదా. నాకు వయసైపోయిందమ్మే."

మేడమ్ భర్త రేవులో టగ్ బోటు మీద పనిచేసేవాడు. ఆయన్నడిగి పాటు ఎప్పుడో తెలుసుకున్నాను. సముద్రం వెనక్కి తగ్గి బురద బయటపడే ఆ వేళకే పిట్టలు దిగుతాయి. తిండి వద్దంటే తల్లులెవరూ రారు. అందుకని గిన్నెలన్నీ మా ఆయన పికప్‌లో, పిట్టల్ని చూడటం అయ్యాక వచ్చేలా ఏర్పాటు చేశాను. తల్లులు మండిపడ్డారు. "పిల్లలు ఆకలితోని సొమ్మసిల్లితే ఎవరు జవాబు?" అని మా కరీంనగర్ ఆవిడే అందరికంటే గట్టిగా అడిగింది. నన్ను వదిలేసి నేరుగా మేడమ్ మీదికి వెళ్ళారు. మేడమ్ ఒక్కమాట నా తరఫున అనలేదు, వాళ్ళ తరఫునా అనలేదు. "ప్లాన్ ఆమెది. ఆమెనే అడగండి" అని ఊరుకుంది. ఆ క్షణంలో నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. దిక్కులేక నేనే నిలబడి ఒక్కొక్కరికీ జవాబు చెప్పాను. పొద్దున్నే తలా ఒక అరటిపండు, గుడ్డు పెట్టి తీసుకురండి, మిగతా పూచీ నాది అన్నాను. నా గొంతు అంత గట్టిగా పలుకుతుందని నాకే తెలియదు.

ఆ రెండో శుక్రవారం బురద మెరుస్తూ ఉంది. దాని నిండా ఉల్లంకులు, పరుగులు పెడుతూ, ముక్కులు గుచ్చుతూ. పిల్లలు నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. మడ కొమ్మ మీద నీలంగా ఏదో తళుక్కుమంటే కాకినాడ ఆవిడ నా భుజం పట్టుకుని ఊపేసింది. "లకుముకి! అమ్మాయ్, మన లకుముకి ఇక్కడ కూడానా!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి తన ఊరి కాలువ గురించి పిల్లలకి కథలు కథలుగా చెప్పింది. తనిఖీకి సొంత కారులో వచ్చిన ముదీర్, మేడమ్ భర్త టగ్ బోటు నుంచి తెచ్చిచ్చిన బైనాక్యులర్స్ ఒకసారి ఇమ్మని తీసుకుని మరి ఇవ్వలేదు. పిల్లలు వరసలో నిలబడి ఏడుపు మొహాలు పెట్టారు. మేడమ్ మాత్రం వెనకాల, బస్సు మెట్టు మీద కూర్చుంది. ఒక్కసారి కూడా ముందుకి రాలేదు.

చివరికి ముదీర్ ఆమె దగ్గరికే వెళ్ళాడు. "బహుత్ అచ్ఛా మేడమ్. మళ్ళీ ఎప్పుడు పెడదాం?"

మేడమ్ మెట్టు మీంచి లేవకుండానే నా వైపు చెయ్యి చూపించింది. "నన్నెందుకు అడగతారు? మన సైన్సు టీచర్నడగండి."

ఆయన ఇసకలో నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి అదే ప్రశ్న అడిగాడు. నా జీవితంలో ఒకరు వచ్చి, నువ్వెప్పుడంటే అప్పుడు అన్నట్టుగా నన్ను అడగడం అదే మొదటిసారి. ఆ వారమే ఉద్యోగం ఖాయమైంది. కానీ నాకు గుర్తున్నది ఆ కాగితం కాదు, ఇసకలో నా వైపు నడిచివచ్చిన ఆ మనిషి.

తర్వాత మేము ఊరికి తిరిగొచ్చాం. కరీంనగర్లో ఒక బడికి నేనే హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. మేడమ్ సూళ్లూరుపేటలో కన్నుమూసిందని తెలిసిన రోజు బడికి సెలవివ్వలేదు. కొత్తగా చేరిన ఒక టీచరమ్మను పిలిచి, ఆ ఏటి విహారయాత్ర మొత్తం ఆమె చేతికిచ్చాను. "నాతోని కాదు మేడమ్" అన్నది పాపం. ఆమె చేసే పొరపాట్లు నాకు ముందే కనిపిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వీధి చివరికి వినపడే గొంతున్న మనిషి, నా కోసం ఆ గొంతుని బిగపట్టి కూర్చుంది. అలాంటి మనిషి నన్ను ఎంచుకుందని నాకు ఈనాటికీ గర్వమే.

నిన్న రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోను ముందేసుకుని ఆదివారం సంగతి మొదలుపెట్టింది. తను ఎంచుకున్న వేళ చూస్తే మేము చేరేసరికి పోటు మీద ఉంటుంది సముద్రం. నా నాలుక చివరిదాకా వచ్చింది మాట.

"అమ్మా, ఇంతేనా? ఇంకేమన్నా చూడాల్నా?"

"నన్నడుగుతవేంది బిడ్డా, ప్లాన్ నీది" అన్నాను.

మా అమ్మాయి మళ్ళీ ఫోను తీసుకుంది. నేను పెదాలు బిగించుకుని కూర్చున్నాను. చాలాసేపటికి, "అరె, ఆ టైముకు నీళ్ళుంటయి కదా!" అని తనే అరిచింది.