చుక్కకి కోడి పెట్టొద్దు

మిరపకాయల తొడిమలు తీసే కాలంలో ఎలీసమ్మ అరచేతులు సాయంత్రానికి రెండు నిప్పుకణికలు. కళ్ళం నుంచి ఇంటికి రాగానే వేరుశనగ నూనె రాసుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటేగాని చుక్కని ముట్టుకునేది కాదు. నుదుట తెల్లమచ్చ ఉన్న ఊరకుక్క అది. ఆరేళ్ళ కిందట ఒక వానకి వచ్చి ఆమె గడపలో పడుకుంది. వాన వెళ్ళిపోయింది, చుక్క ఉండిపోయింది.

ఇంత జాగ్రత్తపడ్డా మొన్న ఫిబ్రవరిలో దాని ఒళ్ళు చెడింది. చెవులు మిరపపండులా ఎర్రబడ్డాయి. పాదాలు నాకి నాకి పుండ్లు చేసుకుంది. పాలెమంతా గజ్జి అంది.

చర్చి గంట కొట్టే యేసుపాదం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "అమ్మాయ్, పిల్లలు తిరిగే వీధి ఇది. దాన్ని ఆటోలో తీసుకెళ్ళి కాలవ అవతల వదిలెయ్యి. నీకు చేతులు రాకపోతే నేను వదిలొస్తా."

"నన్నూ అదే ఆటోలో ఎక్కించు బాబాయ్. మళ్ళీ ఇంకో ట్రిప్పు దేనికి?"

ఆటో మాత్రం ఎక్కింది, పశువుల ఆసుపత్రికి. డాక్టర్ శ్రీదివ్య చర్మం గీకి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసింది.

"గజ్జి పురుగు లేదండి. ఎవరికీ అంటదు. ఇది ఎలర్జీ. తిండి వల్లేమో చూడాలి. ఏం పెడతారు?"

"నేను తినేదేనండీ. ఆదివారమైతే దానికి పెళ్ళిభోజనం. ఆరాధన అయ్యాక ఇంటింటా కోడికూరే. ప్రతి గడపా పిలిచి పెడుతుంది."

"చేప తిన్నదా ఎప్పుడన్నా?"

"ముల్లు గుచ్చుకుంటుందని పెట్టలేదండీ."

"అయితే ఎనిమిది వారాలు ముల్లు తీసిన ఉడకబెట్టిన చేప, అన్నం. ఉప్పూ కారం వద్దు. ఇంకొకటి నోట పడకూడదు." పుండ్లకి మందు రాసిచ్చింది.

ఒక కుక్క నోరు కాయొచ్చు. ముప్ఫై గడపల ప్రేమని ఎట్లా కాయడం? ఆదివారం చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పే వేళ ఎలీసమ్మ లేచి నిలబడింది.

"అందరికీ వందనాలు. నా చుక్కకి ఎవరూ కోడి పెట్టొద్దని మనవి. ఎనిమిది వారాలు. తగ్గకపోతే నేనే కాలవ దాటిస్తా."

వెనక వరసలో జెస్సీ కిసుక్కున నవ్వింది. "కుక్కకి ఉపవాస ప్రార్థనా, అత్తా?"

పాస్టరమ్మ హెలెన్ మాత్రం నవ్వలేదు. "మన ఎముకలు మనమే దాచుకుందాం," అంది.

ఆ రోజు నుంచి ఎలీసమ్మ సాయంత్రాలు ముళ్ళు ఏరడంతోనే గడిచాయి. పగలంతా తొడిమలు తీసిన వేళ్ళే, చీకటిపడే ముందు వెన్నెల తునకల్లాంటి చేప ముక్కల్లో ముళ్ళు వెతికేవి. నాలుగో వారానికి చుక్క చెవులు చల్లబడ్డాయి. పొట్ట మీద కొత్త నూగు మొలిచింది. ఎలీసమ్మ దాని మీద చెయ్యి వేసి, మాటల్లేని ప్రార్థన చేసింది.

అయిదో ఆదివారం దాటాక, సోమవారం పొద్దున్నే మళ్ళీ గోకుడు. మంగళవారానికి పాదం ఎర్రబడింది.

"ఎవరు నా బిడ్డకి కోడి పెట్టింది?" వీధి మధ్య నిలబడి అరిచింది ఎలీసమ్మ. తలుపులన్నీ తెరుచుకున్నాయి. చివరికి యేసుపాదం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"నేనే, అమ్మాయ్."

"వదిలెయ్యమంది నువ్వేగా!"

"అది అట్లా గోక్కుంటుంటే చూడలేక అన్నా." వంగి చుక్క పాదం చూశాడు. "మీ పిన్ని పోయినకాడి నుంచి ఆదివారం అది నా గుమ్మంలో కూచుంటేనే నాకు ముద్ద దిగేది. నాలుగు ఆదివారాలు తలుపేసుకుని తిన్నా. అయిదో ఆదివారం అదే వచ్చి తలుపు గోకింది."

ఎలీసమ్మ చుక్కని ఎత్తుకుని, బాబాయిని కూడా రమ్మంది. ముగ్గురూ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. తప్పు చేసిన పిల్లాడిలా యేసుపాదం గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అంతా విని శ్రీదివ్య నవ్వింది. "ఎనిమిది వారాలయ్యాక ఒకసారి కోడి పెట్టి చూడమని నేనే చెప్పేదాన్ని. మానితే తగ్గింది, పెట్టగానే వచ్చింది. కోడే పడదు దీనికి. మీరు ముందే తేల్చేశారు పెద్దాయనా. ఇక ఎప్పుడూ పెట్టకండి, చాలు."

ఆ వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ ఎలీసమ్మ మళ్ళీ లేచింది. డాక్టరమ్మకి, ఎముకలు దాచుకున్న ప్రతి ఇంటికీ వందనాలు చెప్పింది. "తలుపు తీసిన మా బాబాయికి కూడా," అంది. ఈసారి జెస్సీయే ముందుగా చప్పట్లు కొట్టింది.

ఆ మధ్యాహ్నం పాలెంలో ఇరవైతొమ్మిది ఇళ్ళ నుంచి కోడికూర వాసన వస్తోంది. యేసుపాదం ఇంటి నుంచి చేప వాసన. ఆయన కళ్ళద్దాలు సర్దుకుంటూ ముళ్ళు ఏరుతున్నాడు. గుమ్మంలో చుక్క ఓపిగ్గా కూచుని ఉంది.